రాష్ట్ర రహదారి ఏది? వెడల్పు కాదు, ప్రభుత్వ ఉత్తర్వే ప్రమాణం

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: పాతబస్తీ నుండి బయలుదేరి తెలంగాణలోని రాష్ట్ర రహదారులన్నింటిపైనా ప్రయాణించదలచిన వ్యక్తికి చాంద్రాయణగుట్ట కూడలి వద్దనే తొలి సందేహం ఎదురవుతుంది. అక్కడి నుండి పహాడీషరీఫ్, కల్వకుర్తి మీదుగా సాగే శ్రీశైలం రోడ్డు ఒకప్పుడు రాష్ట్ర రహదారి. నేడది 765వ నంబరు జాతీయ రహదారి. ఐ.ఎస్. సదన్, ఇబ్రహీంపట్నం మీదుగా సాగే నాగార్జునసాగర్ రోడ్డు మాత్రం రాష్ట్ర రహదారుల కోవలోనిది. చూపులకు రెండింటికీ పెద్దగా తేడా కనిపించదు. చట్టం దృష్టిలో మాత్రం వాటి యాజమాన్యం, నిర్వహణ బాధ్యత వేర్వేరు.

రాజ్యాంగంలో విభజన

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా 23వ అంశం ప్రకారం జాతీయ రహదారులు కేంద్రం పరిధిలోనివి. మిగిలిన రోడ్లు, వంతెనలు రాష్ట్ర జాబితా 13వ అంశం కిందికి వస్తాయి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం మేరకు, కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన రోడ్డు మాత్రమే జాతీయ రహదారి అవుతుంది. సూత్రప్రాయ అంగీకారం లభించినంత మాత్రాన రోడ్డు కేంద్రానికి సంక్రమించదు. గెజిట్ ప్రకటన వెలువడేవరకు దాని బాధ్యత రాష్ట్రానిదే.

జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామీణ రోడ్లనే వర్గీకరణకు 1943 నాటి నాగపూర్ ప్రణాళిక పునాది వేసింది. జిల్లా కేంద్రాలను, ముఖ్య పట్టణాలను రాజధానితోనూ, జాతీయ రహదారులతోనూ కలిపే మార్గాలను రాష్ట్ర ప్రభుత్వం రాష్ట్ర రహదారులుగా వర్గీకరిస్తుంది. హైదరాబాద్ నుండి కరీంనగర్ మీదుగా రామగుండం చేరే రాజీవ్ రహదారి ఇందుకు ఉదాహరణ. దాని సంఖ్య 1.

ప్రాచీనత ప్రమాణం కాదు

1578లో నిర్మితమైన పురానాపుల్ గోల్కొండకు దారి చూపింది. 1591 నాటి చార్మినార్ నుండి నాలుగు దిక్కులకు నాలుగు మార్గాలు సాగుతాయి. అయితే ప్రాచీనత గానీ, రద్దీ గానీ, వెడల్పు గానీ ఏ వీధినీ రాష్ట్ర రహదారిగా మార్చజాలవు. నగరంలోని ప్రజా వీధులు 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం మేరకు నగర పాలక సంస్థకు చెందుతాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు సైతం రోడ్లు, భవనాల శాఖ నిర్మించినది కాదు, హెచ్.ఎం.డి.ఏ. ఆధ్వర్యంలో రూపుదిద్దుకొన్న ఎక్స్‌ప్రెస్ మార్గమది.

వర్గీకరణ ప్రభావం

ఈ భేదం కాగితాలకే పరిమితం కాదని 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు నిరూపించింది. మద్యం సేవించి వాహనాలు నడపడం వల్ల జరిగే ప్రమాదాల నివారణకై జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం విక్రయాలను న్యాయస్థానం నిషేధించింది. 2017 మార్చి 31న, 20 వేలు అంతకులోపు జనాభా గల స్థానిక సంస్థల పరిధిలో ఈ దూరాన్ని 220 మీటర్లకు కుదించింది. చండీగఢ్ పాలనా యంత్రాంగం తన రాష్ట్ర రహదారులను జిల్లా రోడ్లుగా మార్చగా, ఆ వివాదంపై 2017 జూలై 11న, నగర, పట్టణ పాలక సంస్థల హద్దులలోని లైసెన్సు పొందిన దుకాణాలకు ఈ నిషేధం వర్తించదని న్యాయస్థానం స్పష్టీకరించింది. రోడ్డు మారలేదు, దాని పేరు మారింది. అనుమతి భవితవ్యం మాత్రం ఆ పేరుపైనే ఆధారపడింది.

పరిశీలించవలసిన అంశాలు

కిలోమీటరు రాయి పైభాగాన పసుపు రంగు జాతీయ రహదారిని, ఆకుపచ్చ రంగు రాష్ట్ర రహదారిని సూచిస్తాయి. అయితే రాయి గుర్తు మాత్రమే, ఆధారం కాదు. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మారినప్పుడు పూర్వపు 7వ నంబరు రహదారి 44గాను, విజయవాడకు వెళ్ళే 9వ నంబరు రహదారి 65గాను మారాయి. నేటికీ పలువురు పాత సంఖ్యలనే వాడుతున్నారు.

కావున గుంతలు, ఆక్రమణలు, ప్రమాదాలపై వార్త రాసేవారు, ఫిర్యాదు స్వీకరించే అధికారులు ముందుగా ఆ భాగం ఎవరి అధీనంలో ఉన్నదో తాజా ఉత్తర్వులో సరిచూచుకోవడం అవసరం. ఒకే రోడ్డుపై నగర హద్దు దాటగానే బాధ్యులు మారే అవకాశమున్నది. ఫిర్యాదు తగిన కార్యాలయానికి చేరితేనే గుంత పూడుతుంది.