ఆదిలాబాద్ చలిలో గీజర్ ఎందుకు మొరాయిస్తుంది?

డిసెంబరు, జనవరి వచ్చాయంటే వాతావరణ వార్తల్లో ముందు వినిపించే పేరు ఆదిలాబాద్. ఉమ్మడి జిల్లాలోని సిర్పూర్ (యు) వంటి చోట్ల 5 డిగ్రీల లోపు చలి నమోదైన రాత్రులున్నాయి. గీజర్ మీద అనుమానం మొదలయ్యేదీ అప్పుడే.

నిజానికి అన్నిసార్లూ అది పాడవదు. 2,000 వాట్ల గీజర్ 15 లీటర్ల నీటిని 28 డిగ్రీల నుంచి 50కి తేవడానికి 12 నిమిషాలు చాలు. మేడమీది ట్యాంకులో నీళ్లు రాత్రికి 15 డిగ్రీలకు చల్లబడితే అదే పనికి 18 నిమిషాలు దాటుతుంది.

అంతసేపు ఆగినా గోరువెచ్చగానే వస్తుంటే ఎర్ర లైటు చూడాలి. చాలా మోడళ్లలో నీళ్లు కాగుతున్నంతసేపే అది వెలుగుతుంది. తొందరగా ఆరిపోతే థర్మోస్టాట్‌ను అనుమానించాలి. వెలుగుతూనే ఉన్నా నీళ్లు కాగకపోతే ఎలిమెంట్ కాలిపోయి ఉండొచ్చు. స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోతే మాత్రం మళ్లీ మళ్లీ ఎత్తొద్దు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో అసలు దోషి సున్నపు పొర. కఠిన జలం కాగినప్పుడు కాల్షియం కార్బొనేట్ ఎలిమెంట్‌కు గట్టిగా పట్టేస్తుంది. మెకానిక్ ఊడదీసి తడితే తెల్లటి పెచ్చులు రాలతాయి. వేడి ఆ పొర దాటి నీళ్లలోకి పోలేక ఎలిమెంట్ మాడిపోతుంది. అంతకు ముందే లోపలి నుంచి చిటపటమని చప్పుడు వస్తుంది. అప్పుడే శుభ్రం చేయిస్తే ఎలిమెంట్ దక్కుతుంది. కరీంనగర్‌లో దిగువ మానేరు నీళ్ల కుళాయి ఉన్నవాళ్లు గీజర్‌కు బోరు కన్నా ఆ లైనే ఇవ్వడం మేలు.

శుభ్రం చేసేటప్పుడే మెగ్నీషియం రాడ్ కూడా చూడమనాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే కడ్డీ అది. సన్నబడితే మార్చేయాలి.