శీతకాలపు దక్షిణ యాత్ర: ఒంటరి విద్యార్థి లెక్కలు

మన ప్రాంతం వారికి ప్రయాణాలు కొత్త కావు. ప్రొద్దుటూరు వర్తకులు బంగారానికీ బట్టలకూ మదరాసు, బొంబాయి నగరాలకు పోయి వచ్చుట తరతరాలుగా ఉన్నదే. చీనీకాయల లారీల వెంట దూరపు మార్కెట్లు చూచి వచ్చిన పులివెందుల రైతులూ ఉన్నారు. అయితే అవి పని మీద పోయే ప్రయాణాలు. మిగిలినవి మొక్కుబడి కొరకు కుటుంబమంతా కలిసి చేసేవి. ఒక విద్యార్థి తన ఖర్చు తానే లెక్క వేసుకొని, కేవలం చూచుట కొరకు ఒంటరిగా బయలుదేరుట మాత్రం మన వైపు నేటికీ అరుదు. 1830లో మదరాసు నుండి కాశీకి బయలుదేరి మన కడప మీదుగా సాగిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట సుమారు వందమంది పరివారం ఉండినది. ఒంటరి యాత్రికుడు ఆ వందమంది పనీ ఒక్కడే చేసుకొనవలెను. కనుక ఇల్లు కదలక ముందే కాగితం మీద చేయవలసిన పని ఎక్కువ.

డిసెంబరు రాగానే కొందరు విద్యార్థులు, ఈ చలిలో వెచ్చని చోటికి కొద్ది ఖర్చుతో పోయి వచ్చు మార్గమేదని మమ్ములను అడుగుచుందురు. మొదట వెచ్చదనం సంగతి చూతము. జనవరి రాత్రులలో ఢిల్లీలో ఉష్ణోగ్రత ఏడెనిమిది డిగ్రీలకు దిగును. అక్కడి వాడు దక్షిణానికి వచ్చిన లోకమే మారినట్లుండును. మనకు అంత భేదం లేదు. శీతకాలంలోనూ మన మధ్యాహ్నాలు ముప్పది డిగ్రీల చుట్టుపట్లనే ఉండును. భేదమంతా రాత్రులలోనే. నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లబడును. సముద్రం నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లబడును. అందువల్ల జమ్మలమడుగులో తెల్లవారుజామున దుప్పటి లాగుకొనే వేళకు తిరువనంతపురంలో ఇరువదిరెండు డిగ్రీలకు తక్కువ కాని గాలి వీచుచుండును.

కాబట్టి మన విద్యార్థి ఉష్ణమాపకం కన్న ముందు వానల లెక్క చూచుకొనవలెను. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తమిళ తీరానికి ఈశాన్య ఋతుపవనాల కాలం. నాగూరు, రామేశ్వరం, మదరాసు వెచ్చగానే ఉండును గాని తడిసి ఉండును. తుఫానుల భయమూ కలదు. 1964 డిసెంబరులో, 22, 23 తేదీల నడిమి రాత్రి, ధనుష్కోటిని సముద్రం ముంచెత్తినప్పుడు ప్రయాణికులతో పోవుచున్న రైలు కొట్టుకొని పోయినది. అంత దూరం పోనేల? 2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయం కట్ట తెగి, చెయ్యేటి వరదకు నందలూరు–రాజంపేట నడుమ రైలు పట్టాలే కొట్టుకొని పోయినవి. మనం దక్షిణానికి పోవలసిన దారి అదే. 1325లో ఇరువదియొక ఏళ్ళ వయసున టాంజియర్ నుండి ఒంటరిగా బయలుదేరి సగం లోకం చుట్టిన ఇబ్న్ బతూతా సైతం కాలికట్టు రేవులో తుఫానుకు తన ఓడను పోగొట్టుకొనెను. ఆనాడు ఒడ్డున ఉండుటచే బ్రతికి బయటపడెను.

ఇక జనసమ్మర్దం. నవంబరు నడుమ నుండి మకరజ్యోతి వరకు శబరిమల యాత్రికులతో కేరళ బండ్లన్నీ నిండి ఉండును. దాని వెంటనే సంక్రాంతి సెలవుల రద్దీ. ఇవన్నీ తీసివేయగా మనకు మిగిలేది జనవరి చివరి వారం, ఫిబ్రవరి మొదటి పక్షం. అప్పటికి తమిళ తీరాన వానలు వెనుకబట్టును. మలబారు తీరం పొడిగా ఉండును. తేదీని సరిగా ఎన్నుకొనుట వల్ల కలిగే ఆదా మరి దేనివల్లనూ కలుగదని మా అభిప్రాయం. రిజర్వేషన్ ఇప్పుడు అరువది రోజుల ముందుగా తెరుచుచున్నారు గనుక, నవంబరు చివరనే నిర్ణయం జరుగవలెను.

బండి విషయంలో మనం అదృష్టవంతులం. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం పూర్తయి జమ్మలమడుగు, ప్రొద్దుటూరులకు రైలు వచ్చినది; పులివెందుల వారికి ముద్దనూరు ఉన్నది. పెద్దలు జయంతి జనతా అని పిలిచే కన్యాకుమారి ఎక్స్‌ప్రెస్ పూర్వం బొంబాయి నుండి, ఇటీవల పుణె నుండి బయలుదేరి కడప మీదుగా పోవును. కడప నుండి కన్యాకుమారికి సుమారు 1,100 కిలోమీటర్లు. ఇక్కడ చాలమందికి తెలియని సదుపాయం ఒకటి కలదు. వేయి కిలోమీటర్లు దాటిన టికెట్టుపై దారిలో రెండు చోట్ల, ఒక్కొక్క చోట రెండు రోజుల వరకు ఆగవచ్చును. అయితే మొదటి విరామం 500 కిలోమీటర్లు దాటిన పిమ్మటనే. ఎర్నాకుళం, తిరువనంతపురం రెండూ ఈ నియమానికి సరిపోవును. దూరం పెరిగిన కొద్దీ కిలోమీటరు ధర తగ్గును గనుక మూడు చిన్న టికెట్ల కన్న ఒక పెద్ద టికెట్టు చౌక. విరామం సంగతి కౌంటరులో ముందే చెప్పి, ముక్క ముక్కకూ రిజర్వేషన్ చేయించుకొనవలెను. దిగినచోట టికెట్టుపై స్టేషను వారిచే వ్రాయించుకొనుట మరువరాదు.

ఒంటరి వాని లెక్క తప్పేది పడక దగ్గర. నలుగురు పోతే గది అద్దె నలుగురు పంచుకొందురు. ఒక్కడు పోతే అంతా అతని నెత్తినే. పైగా ఒంటరిగా వచ్చిన వారికి గది ఇచ్చుటకు జంకే లాడ్జీలు ఎన్నో ఉన్నవి. ఆధార్ కార్డు, కళాశాల గుర్తింపు కార్డు, ఇంటి ఫోను నంబరు సిద్ధంగా ఉంచుకొన్న మాట సులువగును. పెద్ద స్టేషన్లలో విశ్రాంతి గదుల డార్మిటరీ, యూత్ హాస్టళ్ళు, కన్యాకుమారిలో వివేకానంద కేంద్రం వసతి వంటివి ముందుగా విచారించవలెను. రాత్రి బండిలో గడిపినంత వరకు పడక ఖర్చు లేదు. అట్లని వరుసగా మూడు రాత్రులు బండిలో గడిపినవాడు నాలుగవ నాడు సముద్రాన్ని కాదు, నిద్రనే చూచును.

అలెప్పీలో ఇంటిపడవ ఒంటరి వాని పని కాదు. అదే నీళ్ళ మీద కేరళ ప్రభుత్వ జలరవాణా శాఖ పడవలు అలెప్పీ నుండి కొట్టాయం దాకా నడుచును. టికెట్టు ఒక పూట భోజనం కన్న తక్కువ. కొబ్బరి తోపులు, నీటికి దిగువగా ఉన్న వరిమళ్ళు, బడి సంచులతో ఎక్కి దిగే పిల్లలు అన్నీ అందులోనే కనబడును. ఎర్నాకుళం నుండి ఫోర్ట్ కొచ్చికీ ఇట్టి పడవలే. ఎర్రని మట్ట బియ్యపు అన్నం మన నోటికి మొదటి పూట వింతగా తోచును. రెండవ నాటికి అలవాటగును. కన్యాకుమారిలో సూర్యోదయమే కాక సూర్యాస్తమయమూ సముద్రం మీదనే చూడగలిగేది ఇంచుమించు అక్టోబరు నడుమ నుండి మార్చి నడుమ వరకే.

ధరలు మేము వ్రాయుట లేదు. సంచిక అచ్చై మీ చేతికి వచ్చే లోపల అవి మారును. చేతనున్న సొమ్మును నాలుగు భాగాలు చేసి మూడింటితో యాత్ర ముగియునట్లు చూచుకొనుడు. నాలుగవది జ్వరానికీ, తప్పిపోయిన బండికీ. వేరుశనగ చేతికి వస్తే గాని ఫీజు కట్టలేని ఇండ్ల నుండి వచ్చే వారు మన కళాశాలలో ఎందరో ఉన్నారు. అప్పు చేసి పోవలసిన యాత్ర ఇది కాదు. రెండేళ్ళు కూడబెట్టి పోయినా సముద్రం అక్కడనే ఉండును. ఆడపిల్లలు పోరాదని మేమనము. ఎర్నాకుళంలో నగరపాలక సంస్థ వారి షీ లాడ్జ్ స్త్రీల కొరకే వెలసినది. రాత్రివేళ కొత్త ఊరిలో దిగని బండిని ఎన్నుకొని, ఎన్నడు ఎక్కడ ఉండునదీ తేదీలతో వ్రాసి తల్లిదండ్రుల చేతికిచ్చి పోవలెను. మగపిల్లలకూ ఇదే వర్తించును.

సామాను భుజాన మోయగలిగినంతే ఉండవలెను. రెండు జతల బట్టలు, తువాలు, తాళం, మందులు, నీళ్ళ సీసా చాలును. దుప్పటి మాత్రం తప్పక పెట్టుకొనుడు. కేరళలో దానితో పని లేదు; తిరుగు ప్రయాణంలో ఏ తెల్లవారుజామునో ఎర్రగుంట్ల ప్లాట్‌ఫారంపై ప్రొద్దుటూరు బస్సు కొరకు వేచి ఉన్నప్పుడు పనికి వచ్చును.