పాత పెట్రోలు వాహనాల ఇథనాల్ మార్పిడి: బ్రెజిల్ అనుభవం - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

1973 నాటి చమురు సంక్షోభం దిగుమతులపై ఆధారపడిన బ్రెజిల్‌ను తీవ్రంగా కుదిపింది. ఫలితంగా చెరకు నుండి తీసే ఇథనాల్‌ను వాహన ఇంధనంగా వాడే ‘ప్రోఆల్కూల్’ పథకాన్ని ఆ దేశం 1975 నవంబరులో ప్రారంభించింది. కేవలం ఇథనాల్‌తో నడిచే ఫియట్ 147 కారు 1979లో విపణిలోకి వచ్చింది. అయితే అప్పటికే రోడ్లపై ఉన్న పెట్రోలు వాహనాల మాటేమిటి? సావో జోసే దోస్ కాంపోస్‌లోని వైమానిక సాంకేతిక కేంద్రంలో ఉర్బానో ఎర్నెస్టో స్టుంఫ్ నాయకత్వాన జరిగిన పరిశోధన, డాడ్జ్ 1800 వంటి కార్లను మార్చి నడిపి, వాటి మార్పిడి సాధ్యమేనని నిరూపించింది. ఆ మార్పిడిలోని సాంకేతిక సూత్రాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గాలి - ఇంధన నిష్పత్తి:

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉన్నందువల్ల దానికి 9 పాళ్లు చాలు. అంటే అదే గాలికి ఇథనాల్ ఘనపరిమాణంలో సుమారు ఒకటిన్నర రెట్లు అవసరం. కార్బ్యురేటర్‌లో ఇంధనాన్ని కొలిచి వదిలే జెట్టు రంధ్రం వైశాల్యం ఆ మేరకు పెరగాలి. వైశాల్యం వ్యాసం వర్గాన్ని అనుసరిస్తుంది కనుక 1 మి.మీ. రంధ్రం దాదాపు 1.24 మి.మీ. కావాలి. ఇది తొలి అంచనా. తుది కొలతను ఇంజను నడిపి నిర్ణయించాలి. ఈ మార్పు లేకపోతే మిశ్రమం పలచబడి ఇంజను తడబడుతుంది.

3. సంపీడనం, జ్వలనం:

లీటరు ఇథనాల్‌లోని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కానీ అది అధిక సంపీడనాన్ని తట్టుకుంటుంది. అందువల్ల సంపీడన నిష్పత్తిని పెంచి, స్పార్కును కొంత ముందుకు జరిపితే నష్టంలో కొంత భాగం పూడుతుంది. జెట్లు మాత్రమే మార్చిన వాహనం నడుస్తుంది గాని, మైలేజీ బాగా తగ్గుతుంది.

4. చలి, తుప్పు:

సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఇథనాల్ మండేటంత ఆవిరినివ్వదు. అందుకే బ్రెజిల్ కార్లలో స్టార్టు చేయడానికి చిన్న పెట్రోలు ట్యాంకును అదనంగా అమర్చేవారు. నీటిని కలుపుకొనే స్వభావం వల్ల ఇథనాల్ జింకు, అల్యూమినియం భాగాలను తినివేస్తుంది. పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టరును మూసివేస్తుంది. కాబట్టి గొట్టాలు, సీళ్లు ముందే మార్చాలి. ఫిల్టరును తొలి రోజుల్లోనే మరోసారి మార్చాలి.

5. ముగింపు:

బ్రెజిల్‌లో నాసిరకం మార్పిడులు ఇథనాల్‌పై ప్రజల నమ్మకాన్ని సడలించాయి. 1989-90లో ఏర్పడిన ఇథనాల్ కొరత దానిని మరింత దెబ్బతీసింది. ఏ ఇంధనంతోనైనా నడిచే ‘ఫ్లెక్స్’ కార్లు 2003లో వచ్చాకే అది కోలుకుంది. భారతదేశంలో నేడు అమ్ముతున్న 20 శాతం ఇథనాల్ మిశ్రమానికి ఇంతటి మార్పిడి అవసరం లేదు. అయినా దాని నిష్పత్తి 14.7 నుండి సుమారు 13.5కు తగ్గుతుంది. ఆక్సిజన్ సెన్సరున్న వాహనం దీనిని తానే సరిదిద్దుకుంటుంది. కార్బ్యురేటర్ వాహనం సరిదిద్దుకోలేదు. పైగా గొట్టాలు, సీళ్ల సమస్య పాత వాహనాలన్నింటికీ ఉన్నదే. పూర్తి మార్పిడి తలపెట్టేవారు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిబంధనలను పాటించవలసి ఉంటుంది. ఇంధనం మారితే వాహనమంతా మారవలసిందేనన్నది బ్రెజిల్ అనుభవం చెప్పే సారాంశం.