క్లచ్ పలకల మార్పిడి

కొండదారులలోను బురదనేలలోను పరుగులు తీయు డర్ట్ బైకుకు క్లచ్ త్వరగ అరుగుట సహజము. ఇంజను రొద హెచ్చుచున్నను బండి వేగము హెచ్చకున్నచో, పలకలు జారుచున్నవని గ్రహింపవలెను. క్లచ్ హబ్బు నట్టును విప్పుటకు ప్రత్యేక సాధనము కావలసియుండును గాని, కేవలము పలకలను మార్చుటకు సామాన్యమైన సాకెట్ స్పానర్లు చాలును.

పెట్రోలు కుళాయి మూసి బండిని ఎడమప్రక్కకు పరుండబెట్టినచో, నూనె ఆ వైపునకే చేరును గనుక, దానిని వంపకయే కుడివైపు మూతను తెరువవచ్చును. స్ప్రింగు బోల్టులను ఎదురెదురుగ కొంచెము కొంచెముగ సడలించి, పలకలను వచ్చిన వరుసలోనే గుడ్డపై పేర్చుకొనవలెను. ఉక్కు పలకను అద్దముపై నుంచి చూచిన, వంకర యున్నచోట సందు కనబడును. వేడికి నీలివన్నె తిరిగినదానిని నిస్సంశయముగ త్యజింపవలెను. పలకల తాకిడిచే, వాటిని మోయు క్లచ్ బాస్కెట్టు వ్రేళ్లపై పడిన చిన్న గాట్లను, రజను లోపల పడకుండ గుడ్డ క్రుక్కి, సన్నని ఆకురాయితో నునుపు చేయవలెను. అనేకులు ఉపేక్షించు ఈ పనియే నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, ఏలయన ఆ గాట్లలో క్రొత్త పలకలును తగుల్కొని క్లచ్ సరిగ విడువదు.

క్రొత్త రాపిడి పలకలను ముందురాత్రియే ఇంజను నూనెలో నానవేసియుంచుడు. పలకలను మరల అమర్చునప్పుడు, స్ప్రింగు బోల్టులు చిన్నవి గనుక, అల్యూమినియపు మరలు తెగునట్లు బిగింపక, బండి మాన్యువల్ చెప్పిన బిగువునే పాటింపుడు. తుదకు లివరునకు కొంత వదులు తప్పక ఉంచుడు.