దిండు పక్కన డాక్టర్
అర్ధరాత్రి గుండెదడ, చెమటలు. ఆ వేళప్పుడు సైకియాట్రిస్టు దొరకడు. ఫోన్ మాత్రం దిండు పక్కనే ఉంటుంది. ఆందోళనను అదుపు చేస్తామనే యాప్‌ల ఆకర్షణంతా అక్కడే ఉంది. పైగా నలుగురికీ తెలుస్తుందన్న బెంగ లేదు.

డాక్టర్ల కొరత కూడా వాటికి కలిసొచ్చింది. నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, మానసిక సమస్యలున్న వారిలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందలేదు.

బెంగళూరులో పుట్టిన వైసా యాప్‌లో ఓ పెంగ్విన్ బొమ్మ కబుర్లాడుతూనే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పద్ధతులు నేర్పుతుంది: భయపెట్టే ఆలోచనను రాసుకోవడం, దానికి రుజువేమిటని ప్రశ్నించుకోవడం. తేలికపాటి ఆందోళనకు ఇవి అక్కరకొస్తాయి. అయితే దడకు మూలం థైరాయిడేమోనని రక్తపరీక్ష రాయాల్సింది డాక్టరే.

అంతకన్నా పెద్ద చిక్కు, మనసు విప్పి చెప్పుకున్న మాట ఎక్కడికెళుతుందన్నది. వినియోగదారుల ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి కంపెనీలకు అందించిందన్న అభియోగంపై అమెరికా సంస్థ బెటర్‌హెల్ప్ 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. షరతులు చదవకుండానే ‘ఓకే’ నొక్కే అలవాటు మనకూ తక్కువేం కాదు.

కేంద్రం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలి మానస్‌కు 2024లో యాప్ కూడా వచ్చింది. కానీ దానికి స్మార్ట్‌ఫోనే అక్కర్లేదు. మామూలు ఫోన్‌లో 14416 నొక్కితే కౌన్సెలర్ పలుకుతారు, ఉచితంగా, తెలుగులో కూడా.