పనిముట్టు మారినా పని నిలవాలి

ఈమధ్య ఒక సాయంకాలము ఇద్దరు మా యింటికి వచ్చారు. ఒకరు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే యువకుడు. డిజిటల్ మీడియా మీద కొత్త కోర్సు తయారుచేస్తూ, ఆ కాగితాలు మాకు చూపించడానికి తెచ్చాడు. రెండవవారు కౌలు వ్యవసాయము చేసుకొనే ఒక తండ్రి. ఇంటర్ పాసైన కొడుకును ఆ కోర్సులోనే చేర్చాలని ఆయన ఆశ.

కాగితము మీద పది సాఫ్ట్‌వేర్ల పేర్లు వరుసగా ఉన్నాయి. ఆ తండ్రి అవన్నీ చదివించుకొని, "అయ్యగారూ, మా అన్న కొడుకు అప్పుచేసి ఫ్లాష్ నేర్చుకున్నాడు. ఇప్పుడది లేదంటున్నారు. మావాడికీ అంతే అయితే ఎట్లాగండి?" అన్నాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

ఆయన భయము ఊరకనే కలిగినది కాదు. పేజ్‌మేకర్ 1985లో వచ్చింది. మన పట్టణాల డీటీపీ సెంటర్లలో ఎందరికో అన్నము పెట్టింది. 2001లో వచ్చిన 7వ వెర్షనే దానికి ఆఖరు. ఫ్లాష్ ప్లేయర్ 2020 డిసెంబరు 31తో ముగిసింది. 1990లో మొదలైన ఫొటోషాప్ నేటికీ ఉన్నది గాని, 2013లో ఆ కంపెనీ పద్ధతి మార్చి, ఒకసారి కొనుక్కొనే బదులు చందా కట్టే ఏర్పాటు తెచ్చింది.

మరి నిలిచేది ఏమిటి? కంప్యూటర్ తెర మీది రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలము వెలుగులతో ఏర్పడతాయి. అచ్చులో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు వాడతారు. అందుకే తెర మీద చూసిన రంగు శుభలేఖలో వేరుగా పడుతుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన 4 అంగుళాలు, 6 అంగుళాల ఫొటోకు 1200, 1800 చుక్కలు కావాలి. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేనిచోట పిచ్చిగీతలుగా కనబడుతుంది. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికి స్థిరమైన సంఖ్య ఉన్నది. ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా ఈ తెలివి పనికివస్తుంది.

ఇది విని ఆ తండ్రి, "నాగలి పోయి ట్రాక్టరు వచ్చినా, పదును చూసి దున్నడము తెలియాలి గదండీ" అన్నాడు.

అప్పుడు మేము ఆ యువకునితో, "బాబూ, సాఫ్ట్‌వేర్ల పేర్లతో కాక పనులతో మొదలుపెట్టు" అన్నాము. ముగ్గురమూ కూర్చొని నాలుగు పనులు వ్రాశాము: ఒక పేజీ, ఒక ఫొటో, అయిదు నిమిషాల శబ్దము, మూడు నిమిషాల వీడియో. పేజీకి స్క్రైబస్, ఫొటోకు జింప్, శబ్దానికి ఆడాసిటీ, వీడియోకు కేడెన్‌లైవ్ చాలు. ఇవన్నీ ఉచితమే. డబ్బు పెట్టకుండానే విద్యార్థి ఇంటి దగ్గరా అభ్యాసము చేసుకోవచ్చు. అయితే ఉద్యోగమిచ్చేవారు ఫొటోషాప్ వంటివి అడుగుతారు గనుక, అదే పనిని లాబ్‌లో వాటి మీద మరొకసారి చేయించాలి. చివరి నెలలో ప్రతివాడూ తన ఊరికి పనికివచ్చేది ఒకటి పూర్తిచేయాలి. కిరాణా కొట్టుకు బోర్డు కావచ్చు, నాయనమ్మ చెప్పే పాతకాలపు సంగతుల రికార్డు కావచ్చు.

తల్లిదండ్రులారా, ఇట్టి కోర్సుకు ఫీజు కట్టకముందు మూడు ప్రశ్నలు అడగండి. పాత విద్యార్థులు చేసిన పనులు చూపిస్తారా? ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా నేర్పుతారా? లాబ్‌లో మీ బిడ్డ కూర్చొనుటకు వేరుగా ఒక కంప్యూటరు ఉంటుందా? అడుగుటకు సంకోచపడవద్దు. ఆ డబ్బు మీ కష్టార్జితము.