బీము మోసినవాడి ఎస్‌జీఓటీ

మహారాష్ట్రలోని భివండీ పద్మనగర్‌లో రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే కళ్లు వెతికేది దట్టంగా అచ్చేసిన అంకెల్ని. మామూలుగా అచ్చయినవి బాగున్నట్టు, దట్టంగా ఉన్నవి చెడినట్టు లెక్క. ఎస్‌జీఓటీ 92, ఎస్‌జీపీటీ 51 అని నల్లగా కనబడితే చాలు, ‘లివర్ ఖరాబైందట’ అన్న మాట సాయంత్రానికల్లా గల్లీ చుట్టి వస్తుంది. ఆ మనిషి తాగుబోతని కొందరు, పసరు పోయించుకొమ్మని కొందరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీల పేట ఇది. సాంచల, అంటే మరమగ్గాల, మోత మధ్య పన్నెండు గంటల షిఫ్టు చేసేవాళ్లకు ఒంట్లో ఏ నంబరు ఎందుకు పెరిగిందో విడమరిచి చెప్పే తీరిక ల్యాబు వాళ్లకు ఉండదు. సేట్‌కు అసలే ఉండదు.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అన్న ఆ రెండు పేర్లూ రెండు ఎంజైములవి. కొత్త రిపోర్టుల్లో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అని వేస్తున్నారు, అవే ఇవి. కణం లోపల అమైనో ఆమ్లాల్లోని నత్రజని భాగాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడం వాటి పని. ఆ పనికి విటమిన్ బీ6 తోడు కావాలి. అవి ఉండవలసింది కణం లోపలే. కణం దెబ్బతిని దాని పొర సందు ఇస్తే రక్తంలోకి కారతాయి. ల్యాబులో కొలిచేది ఆ కారిన సరుకునే. లివర్ ఎంత పని చేస్తోందన్నది వేరే ప్రశ్న, దానికి ఈ రెండు నంబర్లలో జవాబు లేదు.

చిత్రమేమిటంటే ఎస్‌జీఓటీ వైద్యంలోకి అడుగుపెట్టింది లివర్ పేరు మీద కాదు, గుండె పేరు మీద. 1954లో న్యూయార్క్‌లో జాన్ లాడ్యూ, ఫెలిక్స్ రోబ్లెవ్‌స్కీ, ఆర్థర్ కార్మెన్ అనే ముగ్గురు, గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో ఈ ఎంజైము ఎగబాకుతోందని చూపించారు. లివర్ జబ్బుల్లోనూ పెరుగుతుందని ఆ వెంటనే తేలింది. గుండె కండరంలోనూ, చేతులూ కాళ్లూ నడుము కండరాల్లోనూ, ఎర్ర రక్తకణాల్లోనూ ఇది దండిగా ఉంటుంది. ఎస్‌జీపీటీ మాత్రం ఎక్కువ భాగం లివర్‌దే. అందుకని ఈ జంటలో లివర్ గురించి కాస్త నమ్మకంగా మాట్లాడేది రెండోది.

ఇప్పుడు మళ్లీ 92, 51 దగ్గరికి వద్దాం. ఆ మనిషి ఏం పని చేస్తాడో ముందు అడగాలి. నూలు చుట్టిన బీమును భుజాన వేసుకుని ఇరుకు మెట్లెక్కించి సాంచ మీద పెట్టేవాడా? గోదాముల దగ్గర బట్ట తాకాలు లారీకెత్తే హమాలీయా? 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో, బరువులెత్తే అలవాటు లేని ఆరోగ్యవంతులైన 15 మంది మగవాళ్ల చేత గంటసేపు బరువులెత్తించి రక్తం చూశారు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ పెరిగాయి. కనీసం వారం రోజులు దిగలేదు. లివర్ పరీక్షల్లోనే ఉండే జీజీటీ, ఏఎల్‌పీ, బిలిరూబిన్ మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పెరిగినవి కండరాలు వదిలిన ఎంజైములు, లివర్‌కు ఏమీ కాలేదు. రోజూ మోసేవాడి కండరం కొంత రాటుదేలి ఉంటుంది, నిజమే. ఊళ్లో నెల రోజులు ఉండి వచ్చి మళ్లీ బీముల కింద భుజం పెట్టినవాడిది మాత్రం ఆ 15 మందికి దగ్గర పరిస్థితే.

దీన్ని తేల్చే పరీక్ష ఉంది, అడిగేవాళ్లే తక్కువ. పేరు సీకే, కొన్ని ల్యాబుల్లో సీపీకే అంటారు. అది కండరాల ఎంజైము, లివర్‌లో దాదాపు ఉండదు. సీకే బాగా పెరిగి, జీజీటీ మామూలుగా ఉంటే వేలు చూపించాల్సింది కండరం వైపు. వారం రోజులు బరువులు ముట్టకుండా ఉండి మళ్లీ రక్తమివ్వమని పుస్తకాల్లో రాస్తారు. నేసిన మీటర్లకే పగార్ లెక్కగట్టే చోట వారం కూర్చోమనడం తేలికైన సలహా కాదు. సీకే చేయించుకోవడమే చవక. ఇంకో సంగతి, రక్తం తీసేటప్పుడు ఎర్ర కణాలు చితికినా ఎస్‌జీఓటీ ఎక్కువ చూపిస్తుంది. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ‘హీమోలైజ్డ్’ అని రాసి ఉంటే ఆ నంబరును పక్కన పెట్టి మళ్లీ పరీక్ష చేయించాల్సిందే.

అలాగని ప్రతి 92నూ బీము నెత్తిన రుద్దడానికి లేదు. క్వార్టరు సీసాకీ దాని గుర్తు ఉంది. రోజూ తాగేవాళ్లలో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు, అంతకు మించి ఉండటం మామూలు. ఈ నిష్పత్తికి అర్థముందని 1957లోనే ఇటలీ వైద్యుడు ఫెర్నాండో డి రిటిస్ చూపాడు. కారణాలు రెండు. సారాయి కణంలోని మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది, ఎస్‌జీఓటీలో ఒక రకం నిలవుండేది అక్కడే. పైగా తాగేవాళ్లలో బీ6 కొరతవుతుంది, ఆ కొరత ఎస్‌జీపీటీని ఎక్కువ కుంగదీస్తుంది. అంకె పెద్దగా ఉండాలన్న నియమం లేదు. తాగుడు వల్ల లివర్ వాచి ప్రాణం మీదికి వచ్చినవాళ్లలో కూడా ఎస్‌జీఓటీ 300 దాటడం అరుదు. వేలల్లోకి పోయిందంటే సాధారణంగా వైరస్సో, విషంలా పనిచేసిన మందో, లివర్‌కు రక్తం అందకపోవడమో అయి ఉంటుంది. పారాసిటమాల్ మోతాదు మించినా అంతే. ఒళ్లునొప్పులకు ఒక బిళ్ల, జలుబుకు ఇంకో బిళ్ల వేసుకునేవాళ్లు ఆ రెండింట్లోనూ పారాసిటమాలే ఉందేమో అట్ట వెనక చూసుకోవాలి.

అంకె పెద్దదైతే ముప్పు పెద్దదని, చిన్నదైతే ఫరవా లేదని అనుకోవడమే అసలు చిక్కు. సాంచ నడిపేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బీము నిండా పోగులున్నప్పుడే తెగినవి లెక్కకు అందేది. పోగులే కొన్ని మిగిలితే తెగేవెన్ని? ఏళ్ల తరబడి దెబ్బతిని గట్టిపడిపోయిన లివర్‌లో కారడానికి కణాలే తక్కువ. సిర్రోసిస్ వచ్చినవాడి ఎస్‌జీపీటీ 35 ఉండొచ్చు, కాగితం మీద దట్టమైన అక్షరం ఒక్కటీ ఉండకపోవచ్చు. హెపటైటిస్ ఎ సోకిన కుర్రాడికి 1,800 వచ్చి, రెండు నెలల్లో ఏ మచ్చా లేకుండా దిగిపోవచ్చు.

మరి లివర్ పని ఎలా ఉందో తెలియాలంటే అది తయారుచేసే వాటిని చూడాలి. ఆల్బుమిన్ ఎంతుంది, రక్తం గడ్డకట్టే సమయాన్ని తెలిపే ఐఎన్‌ఆర్ ఎలా ఉంది, బిలిరూబిన్‌ను బయటికి పంపగలుగుతోందా. ఇవి తేడా కొట్టినప్పుడు ఎస్‌జీపీటీ 60 అయినా, 600 అయినా ఆసుపత్రి దారి పట్టాల్సిందే. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, పొట్టలో నీరు, నల్లటి విరేచనం, మనిషి మత్తుగా ఉండి పొంతన లేకుండా మాట్లాడటం, వీటిలో ఏదొచ్చినా రేపటిదాకా ఆగొద్దు.

ఎస్‌జీపీటీకి హద్దుగా ల్యాబులు గీసే 40 గీత ఎక్కడిదన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే. ఆరోగ్యంగా కనబడే జనాన్ని తీసుకుని, వాళ్లలో నూటికి తొంభై అయిదు మంది ఎంతలో ఉన్నారో చూసి గీత గీస్తారు. కనబడే ఆరోగ్యం వెనక కొవ్వు పట్టిన లివర్లూ ఉంటాయి. 2002లో ఇటలీలోని మిలాన్‌లో రక్తదాతల్లోంచి అలాంటివాళ్లను ఏరివేసి లెక్కేస్తే ఎస్‌జీపీటీ హద్దు మగవాళ్లకు 30, ఆడవాళ్లకు 19 అని తేలింది. ఆ లెక్కన ‘నార్మల్’ అని ఇంటికి పంపిన ఆడవాళ్లలో చాలామందిది నార్మల్ కాదు. బిస్సీ నడుపుతూ కార్ఖానా పిల్లలకు రెండు పూటలా వండిపెట్టే ఇల్లాలికి 36 వస్తే, గీత కిందే ఉంది కదా అని ఆ కాగితం డబ్బాలో పడుతుంది. నడుము చుట్టుకొలత, చక్కెర, ట్రైగ్లిజరైడ్లు చూసేవాళ్లుండరు.

కొవ్వు పట్టిన లివర్ లావుపాటి ధనికుల జబ్బన్న మాట పాతబడింది. మనవాళ్లలో సన్నటి కాళ్లూ చేతులూ, ముందుకొచ్చిన పొట్ట ఉన్నవాళ్లకు బరువు మామూలుగానే ఉన్నా లివర్‌లో కొవ్వు చేరుతుంది. రాత్రి షిఫ్టు, గంటకో తీపి చాయ్, ఫర్సాన్, తెల్లారి భోజనం చేసి వెంటనే పడక. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఈ జబ్బును బీపీ, షుగర్, క్యాన్సర్ల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. మందుల కన్నా గట్టిగా పనిచేసేది బరువు తగ్గడమే. ఉన్న బరువులో నూటికి ఏడు నుంచి పది వంతులు దిగితే కొవ్వుతో పాటు వాపూ తగ్గుతుంది. 75 కిలోల మనిషికి అయిదు కిలోల పైమాట.

ఈ కొవ్వు లివర్‌ను గట్టిపరుస్తోందా లేదా అని తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రం దాకా పోకముందే ఒక లెక్క చేసుకోవచ్చు. 2006లో వచ్చిన దీని పేరు ఫిబ్-4. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 46 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 52, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు అనుకుందాం. 46 ఇంటూ 52 అంటే 2,392. 64 వర్గమూలం 8, దాన్ని 260తో గుణిస్తే 2,080. భాగిస్తే 1.15. ఇది 1.3 లోపుంటే లివర్ ముదురుగా గట్టిపడి ఉండే అవకాశం బాగా తక్కువ. ఇప్పుడు అన్నీ అలాగే ఉంచి ప్లేట్‌లెట్లు మాత్రం 1.1 లక్షలని వేయండి. జవాబు 2.72. ఇది 2.67 దాటితే లివర్ నిపుణుడి దగ్గరికి వెళ్లాల్సిందే.

ఎంజైములు ఒక్క పాయింటు కదల్లేదు, కథ మొత్తం మారిపోయింది. లివర్ గట్టిపడితే దానిలోకి వెళ్లే సిరలో ఒత్తిడి పెరుగుతుంది, ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుతుంది, అందుకే రక్తంలో అవి తగ్గుతాయి. రిపోర్టులో లివర్ పేజీకి బదులు రక్తకణాల పేజీలో దాక్కున్న సమాచారం ఇది. ‘ఫుల్ బాడీ చెకప్’ పేరుతో డెబ్బై పరీక్షలు అమ్మేవాళ్లు ఈ ఒక్క భాగాహారం చేసి ఇవ్వరెందుకో నాకు అర్థం కాదు. 35 ఏళ్ల లోపువాళ్లకు ఈ లెక్క సరిగా నప్పదు, 65 దాటినవాళ్లకు కింది హద్దు 2గా తీసుకోవాలి, ఎంజైములు ఉన్నట్టుండి వందల్లోకి పోయినప్పుడు అసలు వేయకూడదు.

ఇక పసరు సంగతి. కామెర్లకు మనవాళ్లు పసరు పోయించుకోవడం, ముంజేతికి వాత పెట్టించుకోవడం ఊరి నుంచి భివండీ దాకా వచ్చిన అలవాటు. హెపటైటిస్ ఎ, ఇ లాంటివి చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పేరు పసరుకు దక్కుతుంది. గర్భిణికి మాత్రం హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు, పసరు కోసం పోయే ఆ రెండు రోజులే ఆమెకు కరువు. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి అంటూ తిప్పతీగ కషాయం ఇంటింటా తాగారు. 2020 చివర్లో ముంబైలో ఆరుగురు అది తాగి లివర్ దెబ్బతిని ఆసుపత్రికి వచ్చారు, వైద్యులు 2021లో ఆ వివరాలు అచ్చేశారు. ఆయుష్ మంత్రిత్వశాఖ అభ్యంతరం చెప్పింది. మరుసటి ఏడాది హైదరాబాద్ సహా దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి 43 కేసులు చూపించారు. ఆకు కాబట్టి హాని లేదనే వాదన అక్కడ నిలవలేదు. డాక్టర్ ‘ఏమేం వాడుతున్నారు’ అని అడిగితే పసరు, చూర్ణం, జిమ్ పొడి పేర్లు కూడా చెప్పాలి. చాలామంది చెప్పరు, అవి మందుల్లో లెక్క కాదనుకుంటారు.

టీబీ మందులు వాడేవాళ్లది ఇంకో దారి. ఒకే గదిలో షిఫ్టుల వారీగా పడుకునే కార్మికుల మధ్య టీబీకి ఎదురుండదు. ఆ మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్‌ను ఇబ్బంది పెట్టగలవే. ఒక్క ఐసోనియాజిడ్‌తోనే నూటికి పది నుంచి ఇరవై మందికి ఎంజైములు కొద్దిగా పెరిగి, మందు ఆపకుండానే దిగుతాయి. లక్షణాలేవీ లేకుండా హద్దుకు అయిదు రెట్లు దాటినా, వాంతులో కామెర్లో ఉండి మూడు రెట్లు దాటినా వైద్యులు మందులాపి, దిగాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతారు. రిపోర్టులో 70 చూసి భయపడి సొంతంగా మానేసినవాడికి మందులకు లొంగని టీబీ చుట్టుకుంటే, అది లివర్ మీద పడిన ఆ 70 కన్నా ఎన్నో రెట్లు గడ్డు.

ఎంజైములు మామూలుగా ఉన్నా పట్టుకోవలసిన జబ్బు హెపటైటిస్ బి. ఏళ్ల తరబడి ఎస్‌జీపీటీని కదపకుండా ఒంట్లో ఉండి, ఆనక సిర్రోసిస్‌కో లివర్ క్యాన్సర్‌కో దారి తీయగలదు. నీరసమని సెలైను, సూది మందు అడిగి మరీ వేయించుకునే అలవాటు మనకుంది. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో వాడిన సిరంజీలే మళ్లీ వాడటం వల్ల ఈ వైరస్ పాకి ఎంతోమంది చనిపోయారు. ఈ వైరస్‌కు టీకా ఉంది. విదేశీ టీకా సామాన్యుడికి అందని ధరలో ఉన్న రోజుల్లో, హైదరాబాద్‌లో వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి తెచ్చి ఆ ధరను నేలకు దించింది. పసిపిల్లల టీకాల్లో ఇది దేశమంతటా చేరేసరికి 2011 అయింది. అంటే ఇవాళ సాంచల దగ్గర నిలబడ్డ వయసువాళ్లలో ఎక్కువమందికి ఈ టీకా పడలేదు. హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష ఒక్కసారి చేయించుకుంటే సరిపోతుంది. లేదని వస్తే మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. ఉందని వస్తే 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఇంట్లోవాళ్లందరికీ అదే పరీక్ష చేయించాలి, ముందుగా తల్లికీ తోబుట్టువులకూ. ఇది తల్లి నుంచి పిల్లలకు కాన్పు సమయంలో సోకగలదు.